పుస్తకం మూసి చదవండి!

మార్చి నెల. బూర్గంపాడు చుట్టుపక్కల అడవిలో ఇప్పచెట్లు పూతకు వచ్చే కాలం. తెల్లవారుజామునే బుట్ట పట్టుకొని పెద్దవాళ్ళ వెంట ఇప్పపూలు ఏరడానికి వెళ్ళి, ఆ తరువాత స్నానం చేసి బడికి వచ్చే పిల్లలు మా దగ్గర ఇప్పటికీ ఉన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పదో తరగతి పబ్లిక్ పరీక్షలు కూడా వస్తాయి.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ, వేపచెట్టు కింద పదో తరగతి పిల్లలు గట్టిగా వాదించుకోవడం వినిపించింది.

"టెన్త్ మార్కులు ఎవరు చూస్తార్రా? డాక్టర్ సీటు కావాలంటే నీట్ ఒక్కటే లెక్క. ఇది పాసైతే చాలు" అంటున్నాడు ఒక అబ్బాయి.

"టెన్త్‌లో రానిది నీట్‌లో ఎట్లా వస్తది? ముందు ఇది చదువు" అంది ఒక అమ్మాయి.

ఇంకొక అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. గంట కొట్టాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది: "సార్, నేను ఇంటర్‌లో బై.పి.సి. తీసుకోవద్దా సార్? గుండె పాఠం ఆరుసార్లు చదివిన. నిన్న మీరు అడిగితే సగం కూడా గుర్తుకు రాలే. నాకు జ్ఞాపకశక్తి లేదు సార్."

విద్యార్థులారా! ఈ వ్యాసం ఆ మూడో అమ్మాయికి నేను చెప్పిన జవాబే. జ్ఞాపకశక్తిలో మనిషికీ మనిషికీ కొంత తేడా ఉండవచ్చు. కాని ఆ అమ్మాయి విషయంలో లోపం ఆమె మెదడులో లేదు, చదివే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతి నేర్పినవాణ్ణి నేనే. "గుర్తులేదా? అయితే ఇంకోసారి చదువు, పదిసార్లు చదువు" అని ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు చెబుతూ వచ్చాను. అది ఎందుకు సరికాదో ఇప్పుడు చూద్దాం.

రెండు పరీక్షలు, రెండు తీర్లు

ముందుగా ఆ ఇద్దరి వాదన సంగతి. పదో తరగతి పరీక్ష ఎక్కువగా మిమ్మల్ని రాయమంటుంది. "మానవునిలో ద్వంద్వ రక్తప్రసరణను వివరించండి. పటం గీసి భాగాలు గుర్తించండి" అని అడుగుతుంది. మీ ముందున్నది తెల్లకాగితం. జవాబు మొత్తం మీ తలలోంచే రావాలి.

నీట్ పరీక్ష అలా అడగదు. 2025లో జరిగిన నీట్‌లో జీవశాస్త్రం నుంచి 90, భౌతికశాస్త్రం నుంచి 45, రసాయనశాస్త్రం నుంచి 45, మొత్తం 180 ప్రశ్నలు ఇచ్చారు. సమయం 180 నిమిషాలు. అంటే ప్రశ్నకు ఒక నిమిషం అన్నమాట! ప్రతి ప్రశ్న కిందా నాలుగు జవాబులు అచ్చువేసి ఉంటాయి. అదే గుండె పాఠం నుంచి ఇలా అడగవచ్చు:

ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తాన్ని గుండె నుంచి బయటికి తీసుకుపోయే నాళం ఏది?
(1) పుపుస సిర (2) పుపుస ధమని (3) బృహద్ధమని (4) బృహత్సిర

జవాబు ఎదురుగానే ఉంది గనుక ఇది సులువని అనిపిస్తుంది. కాని "ధమనులలో మంచి రక్తం, సిరలలో చెడు రక్తం" అని బట్టీపట్టిన విద్యార్థి చటుక్కున బృహత్సిరకు గుర్తు పెడతాడు. తప్పు! ధమని, సిర అనే పేర్లు రక్తం రకాన్ని బట్టి రాలేదు, అది పోయే దిశను బట్టి వచ్చాయి. గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకుపోయేది ధమని. గుండెకు తెచ్చేది సిర. కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు పోయే రక్తం ఇంకా ఆక్సిజన్‌ను అందుకోలేదు. అయినా దాన్ని మోసుకుపోయే నాళం ధమనే. కాబట్టి జవాబు (2).

చూశారా! ఈ కారణం తెలిసినవాడు తెల్లకాగితం మీదా రాయగలడు, నాలుగు జవాబులలోంచి ఒకటి ఏరనూగలడు. ప్రశ్న అడిగే తీరు మారింది గాని గుండె మారలేదు. అయితే ఆ కారణం పరీక్షనాటికి తలలో నిలిచి ఉండాలి. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఆరుసార్లు చదివినా ఎందుకు మరచిపోయింది?

మరపును మొట్టమొదట కొలిచి చూసిన శాస్త్రజ్ఞుడు జర్మనీ దేశస్థుడైన హెర్మన్ ఎబింగ్‌హాస్. ఆయన తన మీద తానే ప్రయోగాలు చేసుకున్నాడు. అర్థంలేని చిన్న చిన్న అక్షరసముదాయాలను సుమారు 2300 తయారుచేసుకొని, వాటిని వరుసలుగా పేర్చి, తప్పులేకుండా అప్పజెప్పగలిగేదాకా నేర్చుకొనేవాడు. కొంతకాలం తరువాత అదే వరుసను మళ్ళీ నేర్చుకొని, ఈసారి ఎంత సమయం ఆదా అయిందో లెక్కకట్టేవాడు. ఫలితాలను 1885లో పుస్తకంగా ప్రకటించాడు.

ఆదా అంటే ఏమిటి? ఒక వరుస నేర్వడానికి మొదట 30 నిమిషాలు పట్టిందనుకోండి. మర్నాడు మళ్ళీ నేర్వడానికి 20 నిమిషాలే చాలితే, 10 నిమిషాలు ఆదా అయినట్టు. అంటే మూడోవంతు. ఆయనకు వచ్చిన లెక్కలు ఇవి:

20 నిమిషాల తరువాత ఆదా సుమారు 58 శాతం
ఒక గంట తరువాత 44 శాతం
ఒక రోజు తరువాత 34 శాతం
ఆరు రోజుల తరువాత 25 శాతం
ఒక నెల తరువాత 21 శాతం

ఈ అంకెలను గ్రాఫు కాగితం మీద గుర్తించి కలిపి చూడండి. గీత మొదట నిటారుగా పడిపోతుంది, తరువాత మెల్లగా వాలుతుంది. అంటే మరపులో పెద్దభాగం మొదటి రోజే జరిగిపోతుంది! ఎబింగ్‌హాస్ నేర్చినవి అర్థంలేని అక్షరాలు. అర్థమైన పాఠం అంత వేగంగా పోదు. కాని గీత ఆకారం మాత్రం చాలావరకు ఇలాగే ఉంటుంది. కాబట్టి నిన్న చదివింది ఇవాళ సగం గుర్తులేకపోతే, అది జబ్బూ కాదు, తెలివితక్కువతనమూ కాదు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి మెదడూ చేసే పనే అది.

చదవడమా? గుర్తు తెచ్చుకోవడమా?

మరి దీన్ని ఆపడం ఎలా? మళ్ళీ మళ్ళీ చదివితే ఆగుతుందా? 1939లో అమెరికాలోని ఐయోవా రాష్ట్రంలో స్పిట్జర్ అనే ఆయన ఈ సంగతిని బడిపిల్లల మీదే పరీక్షించాడు. మూడువేలమందికి పైగా ఆరో తరగతి పిల్లలు ఇందులో పాల్గొన్నారు. వారికి ఇచ్చిన వ్యాసం దేన్ని గురించో తెలుసా? మన అడవుల్లో విరివిగా పెరిగే వెదురు గురించి! చదివిన వెంటనే ప్రశ్నలకు జవాబులు రాసిన పిల్లలకు, అలా రాయని పిల్లలకంటే వారాల తరువాత కూడా ఎక్కువ గుర్తున్నట్టు తేలింది.

2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్నే ఇంకా స్పష్టంగా చూపించారు. వారు కళాశాల విద్యార్థులకు ఒక చిన్న వ్యాసం ఇచ్చి, ఐదేసి నిమిషాల చొప్పున నాలుగు అవకాశాలు ఇచ్చారు. ఒక జట్టువారు నాలుగుసార్లూ చదువుతూనే ఉన్నారు. వ్యాసం చిన్నది గనుక మొత్తం మీద ఒక్కొక్కరు సగటున 14 సార్లు చదివినట్టయింది. రెండో జట్టువారు మొదటి ఐదు నిమిషాలే చదివారు. అంటే మూడు నాలుగుసార్లు. మిగిలిన మూడు అవకాశాలలోనూ వ్యాసం పక్కన పెట్టి, గుర్తున్నదంతా కాగితం మీద రాశారు.

ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే, చదివిన జట్టుకు వ్యాసంలో 83 శాతం గుర్తుంది. రాసిన జట్టుకు 71 శాతమే. "చదవడమే మేలు గదా!" అంటారు మీరు. ఆగండి. వారం తరువాత పరీక్ష పెడితే ఏమైంది? చదివిన జట్టుకు 40 శాతం మిగిలింది. రాసిన జట్టుకు 61 శాతం!

ఇంకో చిత్రం ఏమిటంటే, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది చదివిన జట్టువారే. మళ్ళీ మళ్ళీ చదివినప్పుడు వాక్యాలు కంటికి అలవాటై నున్నగా సాగిపోతాయి. ఆ సాఫీతనాన్ని మనం "వచ్చేసింది" అని భ్రమపడతాం. మా మూడో అమ్మాయికి జరిగింది ఇదే. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ పాఠం వచ్చినట్టే ఉంది. మూసి అడిగేసరికి లేదు.

మెదడులో ఏం జరుగుతుంది?

మన మెదడులో కోట్లాది నాడీకణాలు ఉన్నాయి. ఒక నాడీకణం నుంచి ఇంకొకదానికి వార్త అందే చోటును నాడీకణ సంధి అంటారు. ఎరిక్ కాండెల్ అనే శాస్త్రజ్ఞుడు సముద్రంలో ఉండే ఒక రకం నత్త మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, కొద్దిసేపు నిలిచే జ్ఞాపకంలో ఈ సంధుల పనితీరు తాత్కాలికంగా మారుతుందనీ, చాలాకాలం నిలిచే జ్ఞాపకంలో కొత్త సంధులే ఏర్పడతాయనీ చూపించాడు. 2000 సంవత్సరంలో మరి ఇద్దరితో పాటు ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. అంటే జ్ఞాపకం గాలిలో ఉండేది కాదు. మెదడులో జరిగే కట్టుబడి పని. ఆ పనికి పునరావృత్తీ కావాలి, మధ్య మధ్య విరామమూ కావాలి.

మన ఊరి పోలిక ఒకటి చెబుతాను. వేసవిలో మీరు నాయన వెనకాల నడిచి తునికాకు కోతకు వెళతారు. ఆయన వెనక పదిసార్లు నడిచినా, ఒంటరిగా పంపితే దారి తప్పవచ్చు. ఒకసారి మీరే ముందు నడిచి, ఇక్కడ ఎడమకు తిరగాలా, ఆ వాగు దాటాలా అని తడుముకుంటూ వెళ్ళి వస్తే ఆ దారి మీదవుతుంది. పుస్తకం చూసి చదవడం నాయన వెనక నడవడం వంటిది. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం మీరే ముందు నడవడం.

ఇక నిద్ర సంగతి. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ అనేవారు, నేర్చుకున్న తరువాత మెలకువగా గడిపిన గంటలలోకంటే నిద్రపోయిన గంటలలో మరపు తక్కువని చూపారు. నిద్రలో మెదడు ఆనాటి జ్ఞాపకాలను పటిష్ఠం చేసుకుంటుందని ఆ తరువాత జరిగిన పరిశోధనలు తెలిపాయి. కాబట్టి పరీక్ష ముందురోజు రాత్రంతా మేలుకొని చదవడం, కట్టిన గోడను తడపకుండా ఎండలో వదిలేయడం వంటిది.

మీరూ చేసి చూడండి

మీ సైన్సు పుస్తకంలో సమానంగా ఉన్న రెండు పేజీలు ఎంచుకోండి. ఇంతకుముందు చదవనివి అయితే మంచిది. మొదటి పేజీని నాలుగుసార్లు చదవండి. రెండో పేజీని ఒక్కసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూయండి. గుర్తున్నదంతా పలక మీదో, కాగితం మీదో రాయండి. పుస్తకం తెరిచి తప్పులు దిద్దుకోండి. ఇలా మూసి రాయడం మూడుసార్లు చేయండి. రెండు పేజీలకూ సుమారు ఒకే సమయం కేటాయించండి.

వారం తరువాత, పుస్తకం చూడకుండా రెండు పేజీల సారాంశమూ రాసి, ఎన్ని అంశాలు గుర్తున్నాయో లెక్కపెట్టండి. ఒక్కరి ఫలితాన్ని నమ్మవద్దు. తరగతి అంతా చేసి సగటు కట్టండి. శాస్త్రజ్ఞులు చేసేది అదే.

అలాగే మరపు గీతను గుర్తుంచుకొని, నేర్చిన పాఠాన్ని మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి, మూడు వారాలకు ఒకసారి పుస్తకం మూసి రాయండి. ఒక్కోసారికి పది నిమిషాలు చాలు. ట్యూషన్ అక్కరలేదు, ఖరీదైన గైడు అక్కరలేదు. ఇప్పపూలు ఏరుతూ కూడా "గుండెకు గదులెన్ని? రక్తం మొదట ఏ గదికి వస్తుంది?" అని మీలో మీరే అడుగుకోవచ్చు.

తెలియని ప్రశ్నకు గుర్తు పెట్టవచ్చా?

ఇది ప్రతి సంవత్సరం పిల్లలు అడిగే ప్రశ్న. నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి. తప్పుకు 1 మార్కు పోతుంది. వదిలేస్తే సున్న. "తెలియకపోతే ముట్టుకోవద్దు" అని కొందరు, "ఏదో ఒకటి పెట్టు" అని కొందరు చెబుతారు. చింతగింజలతో లెక్క తేల్చుకుందాం.

నాలుగు చింతగింజలు తీసుకొని ఒకదానికి సున్నం చుక్క పెట్టండి. డబ్బాలో వేసి కుదిపి, చూడకుండా ఒకటి తీయండి. చుక్క గింజ వస్తే 4 మార్కులు కలపండి. లేకపోతే 1 తీసివేయండి. గింజను మళ్ళీ డబ్బాలో వేసి 20 సార్లు ఆడండి. సగటున నాలుగింట ఒకసారి చుక్క గింజ రావాలి. అంటే 5 సార్లు. లెక్క: 20 లోంచి 15 పోగా 5 మార్కులు. ప్రశ్నకు పావు మార్కు అన్నమాట. కాని అందరికీ సరిగ్గా 5 సార్లే రాదు. మూడుసార్లే వస్తే 12 లోంచి 17 పోయి, 5 మార్కుల నష్టం. ఇరవైమంది ఆడితే నలుగురైదుగురికి ఇలా నష్టం రావచ్చు.

ఇప్పుడు చుక్క లేని రెండు గింజలు తీసి పక్కన పెట్టి, మిగిలిన రెండింటితో ఆడండి. 20 లో సగటున 10 సార్లు చుక్క గింజ వస్తుంది. 40 లోంచి 10 పోగా 30 మార్కులు. ప్రశ్నకు ఒకటిన్నర!

ఇందాకటి గుండె ప్రశ్నకు తిరిగి రండి. "గుండె నుంచి బయటికి" అన్నారు గనుక సిరలు రెండూ ఎగిరిపోతాయని తెలిస్తే చాలు, మీరు రెండు గింజల ఆటలో ఉన్నట్టే. కాబట్టి గుడ్డిగా పెట్టే గుర్తుకు పావు మార్కు, సగం తెలిసి పెట్టే గుర్తుకు ఒకటిన్నర మార్కు, పూర్తిగా తెలిస్తే నాలుగు. వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకు తెలంగాణలో జరిగే ఎప్‌సెట్‌లో తప్పు జవాబుకు మార్కు తీసివేయరు. అక్కడ ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. పరీక్షకు వెళ్ళేముందు ఆ సంవత్సరం నియమాలను మాత్రం తప్పక చదువుకోండి.

మరి ఆ వాదనలో ఎవరు గెలిచారు?

ఎం.బి.బి.ఎస్. సీటు నీట్ ర్యాంకును బట్టి ఇస్తారన్న అబ్బాయి మాట నిజమే. తెలుగు రాష్ట్రాలలో 2016 వరకు ఎంసెట్ ద్వారా ఈ సీట్లు భర్తీ అయ్యేవి. 2017 నుంచి దేశమంతటికీ నీట్ వచ్చింది. కాని నీట్‌తో పాటు ఇంటర్మీడియట్ భౌతిక, రసాయన, జీవశాస్త్రాలలో ఉత్తీర్ణత కూడా ఉండాలి. ఆ ఇంటర్మీడియట్‌కు పునాది పదో తరగతి. గుండె, మూత్రపిండాలు, విద్యుత్తు, ఆమ్లాలు, క్షారాలు అన్నీ ముందు ఇక్కడే పరిచయమవుతాయి. అందుకని అమ్మాయి మాటా నిజమే.

తెలుగు మీడియం పిల్లలకు ఒక మాట. నీట్ 13 భాషలలో జరుగుతుంది. తెలుగు అందులో ఒకటి. అయితే అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు ప్రశ్ననే ప్రమాణంగా తీసుకుంటారు. కాబట్టి ఇప్పటినుంచే నోటుబుక్కులో రెండు పేర్లూ పక్కపక్కన రాసుకోండి: పుపుస ధమని, పల్మనరీ ఆర్టరీ. కిరణజన్య సంయోగక్రియ, ఫోటోసింథసిస్.

2014లో మా మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అప్పటినుంచి నిన్నటి ఇరుగుపొరుగు పిల్లలే వేరువేరు బోర్డుల పదో తరగతి పరీక్షలు రాస్తున్నారు. కాని ఏ బోర్డు పరీక్ష రాసినా మరపు గీత ఒక్కటే, దానికి విరుగుడూ ఒక్కటే.

ఒకప్పుడు మా పిల్లలకు ప్రభుత్వ వైద్య కళాశాల అంటే వరంగల్లో, హైదరాబాదో గుర్తుకు వచ్చేది. 2022లో కొత్తగూడెంలో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2023లో ఖమ్మంలో ఇంకొకటి వచ్చింది. పాల్వంచ దాటి బస్సులో వెళ్ళివచ్చే దూరంలోనే ఇప్పుడు డాక్టరు చదువు ఉంది. వానాకాలం జ్వరాలు ముంచుకొచ్చే ఈ అడవి పల్లెలకు, ఇక్కడి మాట తెలిసిన డాక్టర్లు ఎంత అవసరమో మీకు వేరే చెప్పాలా?

ఒక పరీక్షలో మరచిపోయినంత మాత్రాన దారి మూసుకుపోదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి పాసయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివినా ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. తరువాత అమెరికా వెళ్ళి పరిశోధనలు చేశారు. బోదకాలు నివారణకు మన ఊళ్ళల్లో పంచే డై ఇథైల్ కార్బమజైన్ మాత్ర ఆయన నాయకత్వంలో జరిగిన పరిశోధన ఫలమే.

ఇంతకీ మూడో అమ్మాయి ఏం చేసిందంటారా? వారం రోజులు పుస్తకం మూసి రాసింది. ఎనిమిదో రోజు తరగతిలో పుస్తకం చూడకుండా బోర్డు మీద గుండె పటం గీసింది. రెండు జఠరికల గోడలూ సమానంగా గీసి, ఒక్క క్షణం ఆగి, ఎడమ గోడను చెరిపి మందంగా గీసింది. "ఒంటికంతా రక్తం పంపాలి గదా సార్" అంది. బై.పి.సి. తీసుకోవాలా వద్దా అని మళ్ళీ నన్ను అడగలేదు.

మీకు కొన్ని ప్రశ్నలు (పుస్తకం, ఈ పేజీ రెండూ మూసి జవాబులు రాయండి)

1. ఎబింగ్‌హాస్ లెక్క ప్రకారం మరపు ఎప్పుడు వేగంగా జరుగుతుంది?
2. పుపుస సిరలో ఎలాంటి రక్తం ఉంటుంది? అయినా దాన్ని సిర అని ఎందుకు అంటారు?
3. నాలుగు జవాబులలో ఒకటి మాత్రం తప్పని తెలిసింది. మిగిలిన మూడింటిలో ఒకదానికి గుర్తు పెడితే, నీట్ పద్ధతిలో సగటున ప్రశ్నకు ఎన్ని మార్కులు వస్తాయి?
4. చదువుతూనే ఉన్న జట్టుకు ధీమా ఎందుకు ఎక్కువైంది?

మూడో ప్రశ్నకు జవాబు: మూడు ప్రశ్నలకు ఒకటి ఒప్పు, రెండు తప్పు. 4 లోంచి 2 పోగా 2. ప్రశ్నకు మూడింట రెండు వంతుల మార్కు. మిగిలిన జవాబులు ఈ వ్యాసంలోనే ఉన్నాయి. ముందు రాయండి, ఆ తరువాతే పేజీ తెరవండి!